తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టమనే సందేశంలో ఏది నిజం, ఏది తప్పు

వానలు మొదలైతే చాలు, ఒక సందేశం మళ్ళీ ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతుంది. దాని సారాంశం ఇది. ఫోన్ నీళ్ళలో పడితే వెంటనే తుడిచి బియ్యం డబ్బాలో పూర్తిగా మునిగేలా పెట్టండి. బియ్యం తేమనంతా లాగేస్తుంది. 48 గంటలు కదపొద్దు. ఇంకా తొందరగా ఆరాలంటే హెయిర్ డ్రయర్ పట్టండి, లేదా ఎండలో పెట్టండి. స్పీకర్లో నీళ్ళుంటే యాప్‌తో శబ్దం ప్లే చేసి బయటికి తరమండి. ఐపీ 68 (నీటినీ దుమ్మునూ ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగు) ఫోనైతే అసలు దిగులే అక్కర్లేదు. తర్వాత ఆన్ అయిందంటే బాగుపడినట్టే. లాప్‌టాప్‌కీ ఇదే చిట్కా.

ఇందులో పనికొచ్చే మాట ఒక్కటే, తుడవమన్నది. మిగతా సలహాలు ఉత్త పనికిరానివైతే వదిలేయొచ్చు. కానీ వాటివల్ల బతకాల్సిన ఫోన్లు పోతున్నాయి, ఫోన్లతోపాటు పిల్లల ఫొటోలూ పోతున్నాయి. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్పాల్సి వస్తోంది.

"బియ్యం తేమనంతా లాగేస్తుంది." ధాన్యం అమ్మిన రైతులందరికీ 17 అనే అంకె తెలుసు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ధాన్యం మళ్ళీ ఆరబోయాల్సిందే. మిల్లు ఆడాక మన ఇంటికొచ్చే బియ్యంలో కూడా ఇంచుమించు 12 నుంచి 14 శాతం నీరు ఉంటుంది. చుట్టూ గాలిలో ఎంత తేమ ఉందో దానికి తగ్గట్టు గింజ కొంత పీల్చుకుంటుంది, కొంత వదులుతుంది, చివరికి ఒకచోట స్థిరపడుతుంది. అంటే మీ డబ్బాలోని బియ్యం ఆ వంటగది గాలితో ఎప్పుడో సర్దుకుని కూర్చుంది. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలపు గాలిలో ఉన్న బియ్యానికి కొత్తగా పీల్చే శక్తి ఇంకా తక్కువ. దానికితోడు బియ్యంలో పూడ్చిన ఫోన్ చుట్టూ గాలి ఆడదు. అదే ఫోన్ బల్ల మీద ఫ్యాను కింద ఉంటే ఆవిరి ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది. ఆరబెట్టడమే లక్ష్యమనుకున్నా, ఆ పనిలో ఫ్యానుదే పైచేయి.

బియ్యానికి బదులు సిలికా జెల్ పొట్లాలు వాడొచ్చా అని కొందరు అడుగుతారు. పొడిగా ఉన్న సిలికా జెల్ తేమ గాలిలో తన బరువులో మూడో వంతు దాకా నీరు పట్టుకోగలదు, కాబట్టి బియ్యం కన్నా చాలా నయం. అయితే చెప్పుల పెట్టెలోంచి తీసి అలమరలో పడేసిన పాత పొట్లాలు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. కొత్తవైనా సరే, బోర్డు మీది షీల్డు (చిప్పులను కప్పే రేకు) కింద చిప్పుకీ బోర్డుకీ మధ్య వెంట్రుక మందం సందులో చిక్కుకున్న నీటిని బయటినుంచి అంత తొందరగా లాగలేవు.

పైగా బియ్యం మీద తౌడు పొడి, పిండి ఉంటాయి. తడి ఛార్జింగ్ పోర్టులోకి చేరితే అవి ముద్దై పిన్నులకు అంటుకుంటాయి. నూక గింజ లోపల ఇరుక్కుని ఉబ్బితే దాన్ని సూదితో తవ్వుతూ పిన్నులు వంచేసినవాళ్ళు ఎందరో. ఐఫోన్‌ను బియ్యం సంచిలో పెట్టొద్దనీ, బియ్యపు రేణువులు దాన్ని పాడుచేయొచ్చనీ ఆపిల్ తన సహాయ పేజీలోనే రాసింది.

ఇవన్నీ చిన్న అభ్యంతరాలు. అసలు తప్పు "తడి ఆరితే ఫోన్ బతుకుతుంది" అన్న నమ్మకంలో ఉంది. శుద్ధమైన నీరు కరెంటును దాదాపు పోనివ్వదు. దాని వాహకత (కరెంటును పోనిచ్చే గుణం) సెంటీమీటరుకు 0.055 మైక్రోసీమెన్స్ మాత్రమే. తాగునీటిది వందల్లో ఉంటుంది, సముద్రపు నీటిది 50,000 దాకా పోతుంది. తేడా అంతా కరిగిన లవణాలది. తాగునీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా లవణాలు ఉండొచ్చనీ, వేరే దిక్కు లేనిచోట 2,000 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. బోరు నీళ్ళు, చెమట, పప్పుచారు, కొబ్బరినీళ్ళు అన్నీ ఉప్పు నీళ్ళే.

ఫోన్ బ్యాటరీ దాదాపు 3.7 వోల్టులది, ఫుల్ ఛార్జిలో 4.2 నుంచి 4.4 దాకా ఉంటుంది. నీటి అణువును విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. బోర్డు మీద పక్కపక్కనే ఉన్న రెండు పాయింట్ల మధ్య అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఒకదానికి బ్యాటరీ ప్లస్సు, ఇంకోదానికి మైనస్సు. మధ్యలో ఉప్పు నీటి బొట్టు పడితే ప్లస్సు వైపు రాగి కరిగి నీటిలోకి వస్తుంది, మైనస్సు వైపు చేరి సన్నని సూదుల్లా పేరుకుంటుంది. ఆ సూది అవతలి ఒడ్డును తాకితే షార్ట్. తాకకపోయినా కరుగుతున్న వైపు పాయింటు పలచబడి తెగిపోతుంది. తడిసిన ఫోన్‌లో షీల్డు రేకు ఎత్తి మైక్రోస్కోప్ కింద చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. ఆవగింజ కన్నా చిన్న కెపాసిటర్లనే విడిభాగాల చుట్టూ తెల్లని పొడి, అంచుల్లో పచ్చని చిలుము, కొన్నిచోట్ల పాయింటు ఉండాల్సిన స్థానంలో నల్లటి గుంట.

నీరు ఆరిపోయినా ఆ లవణాలు అక్కడే ఉంటాయి. గాలిలో తేమ పెరిగిన రోజున మళ్ళీ చెమ్మ పట్టి పని మొదలుపెడతాయి. బియ్యం కాదు కదా, ఏ ఆరబెట్టే పద్ధతీ వాటిని తీయలేదు. కడిగితేనే పోతాయి.

"48 గంటలు కదపొద్దు." ఈ సందేశంలో అన్నిటికన్నా నష్టం చేసేది ఈ వాక్యమే. స్విచ్ ఆఫ్ చేశాం కదా అని ధీమాగా ఉంటాం. ఆఫ్‌లో ఉన్న ఫోన్‌లో కూడా బ్యాటరీ బోర్డుకు తగిలే ఉంటుంది. గడియారం నడిపే భాగానికీ, పవర్ బటన్ నొక్కితే మేలుకోవాల్సిన చిప్పుకీ కరెంటు అందుతూనే ఉంటుంది. కాబట్టి ఆ రెండు రోజులూ ఫోన్ ఆరుతూ కూర్చోవడం లేదు, లోపల రాగి కరుగుతోంది. మొదటి గంటల్లో కడిగితే తేలిగ్గా పోయే మరక, రెండు రోజులకు తెగిన లైను అవుతుంది.

చేయాల్సింది ఇది. నీటిలోంచి తీయగానే స్విచ్ ఆఫ్ చేయండి, తెర తడిసి టచ్ పనిచేయకపోతే మీ మోడల్‌కు ఉన్న బటన్ల పద్ధతిలో ఆపండి. ముందే ఆగిపోయి ఉంటే, పనిచేస్తోందో లేదో చూద్దామని ఆన్ చేయొద్దు. ఛార్జర్ దగ్గరికి పోనివ్వొద్దు, ఎందుకంటే తడిసిన పోర్టులో ఛార్జర్ పెట్టగానే పిన్నుల మధ్య 5 వోల్టులు పడి అవి అక్కడికక్కడే నల్లబడతాయి. కేసు తీసేయండి. సిమ్ ట్రే బయటికి లాగండి, నీరు కారడానికి అదొక దారి. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. గట్టిగా విదిలిస్తే ఒక మూలనున్న నీరు బోర్డంతా పాకుతుంది. నూలు గుడ్డతో తుడిచి ఫ్యాను గాలిలో నిలువుగా ఆనించండి. దూదిపుల్లలు పోర్టులో దూర్చొద్దు. బ్యాటరీ చేత్తో ఊడే పాత రకం ఫోనైతే మొదట బ్యాటరీయే తీయండి, సగం ప్రమాదం అక్కడితో పోతుంది.

తర్వాత అదే రోజు రిపేరు షాపుకు. అక్కడ అడగాల్సినవి గుర్తుంచుకోండి. ఫోన్ తెరిచి ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. బోర్డు బయటికి తీసి, షీల్డులు ఎత్తి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (బోర్డులు కడగడానికి వాడే, తొందరగా ఆరే ద్రవం) మెత్తని బ్రష్షుతో కడగాలి. వీలైతే అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో (శబ్ద తరంగాలతో మురికి వదిలించే తొట్టిలో) పెట్టాలి. ఆరాక మీటరుతో షార్టులు చూసి, ఆ తర్వాతే బ్యాటరీ తగిలించాలి. కెమెరా, తెర, స్పీకర్, బ్యాటరీ ఆ ద్రవంలో మునగకూడదు. "హీట్ గన్‌తో ఆరబెట్టి ఇస్తాను" అనే చోట ఇవ్వకండి. ఐసోప్రొపైల్‌కు బదులు ఇంట్లోని శానిటైజర్ పోయడం కూడా తప్పే. అందులో ఆల్కహాల్ 70 శాతానికి అటూఇటూ, మిగతాది నీరు, గ్లిజరిన్, ఒక్కోసారి జిగురు పదార్థం.

"హెయిర్ డ్రయర్ పట్టండి, ఎండలో పెట్టండి." డ్రయర్ గాలి నీటిని ఇంకా లోపలికి నెడుతుంది. ఫోన్ వెనక అద్దాన్ని పట్టి ఉంచే జిగురును షాపుల్లో వేడి చేసే మెత్తబరుస్తారు, మీ డ్రయర్ కూడా అదే పని చేస్తుంది, దాంతో ఉన్న సీలూ పోతుంది. మన మే నెల ఎండలో నల్లని అద్దం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. లిథియం అయాన్ బ్యాటరీకి 45 డిగ్రీలు దాటిన వేడి మంచిది కాదు, తడిసిన బ్యాటరీకి అసలే కాదు. ఫ్రిజ్‌లో పెట్టమనేవాళ్ళూ ఉన్నారు. బయటికి తీయగానే చల్లని బోర్డు మీద కొత్త నీరు పట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

"శబ్దంతో నీళ్ళు తరమండి." ఇందులో కొంత నిజం ఉంది. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దానికి స్పీకర్ పొర పెద్దగా ఊగి, జాలీలో నిలిచిన బొట్లను బయటికి తోస్తుంది. ఆపిల్ వాచీలో ఇలాంటి ఏర్పాటు సిరీస్ 2 నుంచీ కంపెనీయే ఇచ్చింది. కానీ అది సీలు బాగున్న పరికరంలో స్పీకర్ గూటిలోని నీటికే. బోర్డు దాకా చేరిన నీటిని ఏ శబ్దమూ కదపదు. అదీగాక యాప్ నడవాలంటే ఫోన్ ఆన్‌లో ఉండాలి, తడిసిన ఫోన్‌కు మొట్టమొదట కూడనిది అదే. వానలో నాలుగు చినుకులు పడి, ఫోన్ మామూలుగా ఉండి, మాట మాత్రం బొంగురుగా వస్తుంటే ప్రయత్నించండి. మునిగిన ఫోన్‌కు వద్దు.

"ఐపీ 68 ఉంటే దిగులు లేదు." 6 అంటే దుమ్ము చొరబడదు. 8 అంటే 1 మీటరు లోతు, అరగంట అనే ఏడో స్థాయి కన్నా కఠినమైన పరీక్ష, లోతూ సమయమూ కంపెనీ చెప్పినట్టు. చాలా ఐఫోన్లకు అది 6 మీటర్లు, 30 నిమిషాలు. చాలా శాంసంగ్ ఫోన్లకు ఒకటిన్నర మీటర్లు, 30 నిమిషాలు. అదీ కొత్త ఫోన్, కదలని మంచినీరు. సబ్బు నీరు తలతన్యతను (నీటి పైపొర బిగువును) తగ్గించి సన్నని సందుల్లోకి కూడా జారుతుంది. కొళాయి ధార ఒత్తిడి, నీటిలోకి దూకినప్పటి తాకిడి ఆ పరీక్షలో లేవు. రెండు మూడేళ్ళకు సీలు రబ్బరు, జిగురు బలహీనపడతాయి. ఒక్కసారి బయటి షాపులో తెర మార్పించి కొత్త సీలు వేయించకపోతే ఆ అంకె పెట్టె మీద తప్ప ఫోన్‌లో లేనట్టే. ఐపీ 68 ఫోన్ సముద్రంలోనో సబ్బు నీళ్ళలోనో పడితే మంచినీళ్ళతో ఓసారి కడిగి తుడవండి, ఉప్పు ఎండిపోనివ్వొద్దు. లోపలికి నీరు పోయిందో లేదో తెలుసుకోవాలంటే సిమ్ ట్రే తీసి టార్చి వేసి చూడండి. చాలా ఫోన్లలో అక్కడొక తెల్లని చుక్క ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. అది ఎర్రగా ఉంటే వారంటీ అడిగినా సాధారణంగా ఇవ్వరు.

"ఆన్ అయితే బాగుపడినట్టే." బియ్యంలోంచి తీశాక పనిచేసిన ఫోన్లు ఉన్నాయి, అబద్ధం కాదు. అవి లోపలికి నీరు పోనివి, లేదా పోయినా కీలకమైన చోట పడనివి. బల్ల మీద వదిలేసినా అవి ఆరి పనిచేసేవే, పేరు మాత్రం బియ్యానికి వచ్చింది. పనిచేయనివాళ్ళు ఎవరూ సందేశం పంపరు. ఇంకొన్ని ఫోన్లు పది రోజులో రెండు నెలలో బాగానే నడిచి, తర్వాత ఛార్జింగ్ తీసుకోవు, నెట్‌వర్క్ పోతుంది, వాడకుండానే వేడెక్కుతాయి. చిలుము మెల్లగా తినేసిన ఫలితం అది. కాబట్టి తడిసిన ఫోన్ ఆన్ అయితే మొదటి పని ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీయడం. ఇప్పటి ఫోన్లలో మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి (తాళం లేకుండా చదవలేని రూపంలోకి మారి) ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. మెమరీ చిప్పు ఒక్కటీ ఊడదీసి డేటా చదవడం కుదరదు, బోర్డు బతికితేనే ఫొటోలు దక్కుతాయి. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ చెడింది, నొక్కకుండా, గుచ్చకుండా షాపుకు పంపండి.

"లాప్‌టాప్‌కీ ఇదే చిట్కా." లాప్‌టాప్ మీద ఎక్కువగా ఒలికేది టీ. అందులో పాల లవణాలకు తోడు చక్కెర పాకం ఉంటుంది, ఆరాక కీల కింద బంకలా పట్టేస్తుంది, ఐసోప్రొపైల్‌లో సరిగా కరగదు. అందుకే షాపులో ముందు డిస్టిల్డ్ వాటర్‌తో, ఆ తర్వాత ఐసోప్రొపైల్‌తో బోర్డు కడగాలి. ఒలికిన క్షణంలో అడాప్టర్ పీకండి, అందులోంచి 19, 20 వోల్టులు వస్తుంటాయి. ఫైల్ సేవ్ చేద్దామని ఆగకుండా పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. మూత సగం తెరిచి, కీబోర్డు కిందికి చూసేలా, గుడారంలా తువ్వాలు మీద బోర్లించండి. స్క్రూడ్రైవర్ పట్టడం వస్తే వెనక మూత తీసి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళు దాచే భాగం) విడిగా బిగించిన మోడల్ అయితే దాన్నీ తీసి పక్కన పెట్టండి. బోర్డు పోయినా వేరే కంప్యూటర్లో పెట్టి ఫైళ్ళు తీసుకోవచ్చు, విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కులోని ఫైళ్ళకు తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే మాత్రం మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమైన 48 అంకెల రికవరీ కీ కావాలి.