భక్తులు మిట్టమధ్యాహ్నమే స్నానం చేయవలెను

తిరుపతిలో కొత్తగా కట్టబోయే లాడ్జీలూ కల్యాణ మండపాలూ తమకు కావలసిన కరెంటును తామే పుట్టించుకుంటాయని చెప్పే నివేదికలు పునాది తవ్వకముందే సిద్ధమవుతున్నాయి. ఏడాదిలోని 8760 గంటల్లో భవనం ఏ గంటకు ఎంత కరెంటు వాడుతుందో, మిద్దెమీది సౌరఫలకాలు ఎంత ఇస్తాయో లెక్కగట్టే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసిన ఎనర్జీప్లస్ వాటిలో ప్రసిద్ధమైనది, పైగా ఉచితం. దాని మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. అడిగినదానికే అది జవాబు చెబుతుంది. నా ఫిర్యాదంతా ఈ ఊరి మీద, ముఖ్యంగా ఇక్కడికి వచ్చే యాత్రికుల మీద. వాళ్ళెవరూ సాఫ్ట్‌వేరులో కట్టిన భవనపు నమూనా ప్రకారం నడుచుకోవడం లేదు.

నాలుగంతస్తుల లాడ్జి ఒకటి తీసుకుందాం. యాత్రికులు పొద్దుపోయాక రైలు దిగి గదుల్లో చేరతారు, రాత్రంతా ఏసీ వేసుకుంటారు, తెల్లవారుజామున మూడింటికే లేచి గీజర్లన్నీ ఒక్కసారిగా వేసి, తలస్నానాలు ముగించి అలిపిరి దారి పడతారు. ఫలకాలు నిండుగా పనిచేసే మధ్యాహ్నం పన్నెండింటికి వాళ్ళు కొండమీద క్యూలో ఉంటారు, లాడ్జి మొత్తానికి రిసెప్షన్‌లో ఒక ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉంటుంది. ఈ క్రమశిక్షణారాహిత్యాన్ని సరిదిద్దడానికే కాబోలు, నమూనాలో ఆఫీసు షెడ్యూలు పెడతారు. అందులో మనుషులు తొమ్మిదింటికి వచ్చి, ఎండ ఉన్నంతసేపూ కరెంటు వాడి, ఎండ తగ్గగానే బుద్ధిగా వెళ్ళిపోతారు. అప్పుడు ఉత్పత్తి గీతా వాడకం గీతా అన్నదమ్ముల్లా కలిసిపోతాయి. అంతటి మార్పు చేయడానికి మనసొప్పనివారికి ఇంకా సులువైన దారి ఉంది: గంటగంటకూ లెక్క చూపే సాఫ్ట్‌వేరు నుంచి ఏడాది మొత్తం అంకె ఒక్కటి మాత్రం తీసుకుంటే, తెల్లవారుజాము గీజరూ మధ్యాహ్నపు ఎండా ఒకే కూడికలో కలిసి, తేడా ఎక్కడా కనబడదు.

తిరుమల అన్నప్రసాద వంటశాలలో ఎండతో ఆవిరి పుట్టించి వండే ఏర్పాటు పెట్టినవారికి ఈ చిక్కు లేదు. ఎండా ఆకలీ ఒకే వేళకు వస్తాయి. స్నానానికి ఆ సౌకర్యం లేదు గనుక, ప్రతి గదిలోనూ “స్నానవేళలు: ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకు” అని బోర్డు పెట్టించాలని లాడ్జీల యజమానులకు నా సవినయ ప్రతిపాదన.

ఇక ఎండ సంగతి. ఫలకం సామర్థ్యాన్ని చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో, ఫలకం 25 డిగ్రీల దగ్గర ఉండగా కొలుస్తారు. ఆపైన వేడెక్కిన ప్రతి డిగ్రీకీ సిలికాన్ ఫలకం సుమారు 0.4 శాతం శక్తిని పోగొట్టుకుంటుంది. గాలే 40 డిగ్రీలు దాటే మే నెలలో మిద్దెమీది ఫలకం 65కు చేరడం వింత కాదు, అంటే 16 శాతం ఆవిరి. సాఫ్ట్‌వేరులోని అతి సులభమైన సౌర నమూనాకు ఈ బెడద లేదు. సామర్థ్యం గడిలో ఒక అంకె వేస్తే రోహిణి కార్తెలోనూ అదే అంకె. పక్కనే, ఉపరితలంలో ఎంత భాగం ఫలకాలతో నిండిందో చెప్పే గడి ఉంటుంది. అక్కడ 1 అని కొట్టగానే మెట్లగది, నీళ్ళ ట్యాంకులు, రోజూ ఆరేసే లాడ్జి దుప్పట్లు అన్నీ మాయమై మిద్దెంతా ఫలకాలే అవుతుంది. నమూనాలో ట్యాంకును గీసి చూపినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే నీడ పదో వంతు పడితే ఉత్పత్తి పదో వంతే తగ్గిందని ఆ సులభ నమూనా నమ్ముతుంది. ఫలకంలో వరుసగా కలిపిన సెల్స్ అనే చిన్న బిళ్ళల్లో ఒకటి నీడలో పడితే మిగతావాటి ప్రవాహమూ కుంటుపడుతుందనీ, నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపే బైపాస్ డయోడ్లు ఆ నష్టాన్ని కొంతవరకే ఆపగలవనీ దానికి ఎవరూ చెప్పలేదు.

ఎండావానల లెక్కను సాఫ్ట్‌వేరుకు అందించే వాతావరణం ఫైలు మరీ మర్యాదస్తురాలు. వేర్వేరు సంవత్సరాల నుంచి మామూలు నెలలను ఏరి కుట్టిన ఏడాది అది. తిరుపతి వీధులు ఏరులై పారిన 2021 నవంబరు వంటి నెలలకు అందులో ప్రవేశం లేదు.

ఇన్ని ఏర్పాట్లు ఎందుకంటే, పడమటి గోడంతా అద్దాలతో కట్టాలి గనుక. కిటికీలకు నీడ కల్పించి, పైకప్పుకు వేడి దిగకుండా పొర వేసి, ముందు వాడకాన్ని తగ్గించుకోవడం కష్టమైన పని, ఫొటోలో పడదు కూడా. కపిలతీర్థంలో మునిగితే పాపాలు పోయినట్టు, నివేదిక చివరి పేజీలో వాడకంలోంచి సౌర ఉత్పత్తిని తీసివేయగానే అద్దాల గోడ చేసిన అపరాధమంతా కడుక్కుపోయి, చదరపు మీటరు వాడకం చూడముచ్చటగా తేలుతుంది. ఉత్పత్తిని తీసివేయకముందు అంకె ఎంత అని అడిగే కుసంస్కారులు అక్కడక్కడా ఉంటారు. వారికి ఆ పేజీ ఇవ్వకపోవడమే మర్యాద.

నమూనాలోకంలో కరెంటు పోదు, అదొక్కటే నాకు నిజంగా అసూయ కలిగించే విషయం. మనలోకంలో గ్రిడ్ పోతే, ఫలకాల కరెంటును వాడుకునే కరెంటుగా మార్చే ఇన్వర్టరు, బ్యాటరీ లేకుండా గ్రిడ్‌తో కలిపినదైతే, తక్షణం ఆగిపోతుంది. లైను బాగుచేసే మనిషికి షాకు కొట్టకుండా పెట్టిన నియమం అది, చాలా మంచి నియమం. కాబట్టి నడినెత్తిన సూర్యుడు ఉండగా, మిద్దెనిండా ఫలకాలు ఉండగా లాడ్జి చీకటవుతుంది. అప్పుడు సెల్లారులో డీజిల్ జనరేటరు దగ్గుతూ లేస్తుంది. భవనం తన ఆవరణలోనే కరెంటు పుట్టించుకుంటుందన్న మాట ఆ ఘడియలో అక్షరాలా నిజం. జనరేటరును నమూనాలో చేర్చే వీలు కూడా ఎనర్జీప్లస్‌లో ఉంది. అయితే నివేదికలో ఆ జాగాను రెండు కార్ల పార్కింగుగా చూపిస్తారు.