సవరణ: ఆ 13 డాలర్లు పంపింది చీఫ్స్ ఫ్యాన్స్

2022 జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు బఫలో బిల్స్, కాన్సస్ సిటీ చీఫ్స్ మధ్య జరిగిన ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్ గురించి మొన్న పెట్టిన పోస్ట్‌లో, ఓడిన బాధలో కూడా బఫలో ఫ్యాన్సే బఫలోలోని ఓషై పిల్లల హాస్పిటల్‌కి 13 డాలర్లు చొప్పున ఇచ్చారని రాశాను, అది తప్పు, నేనే కలగాపులగం చేశా. అప్పటి వార్తలు మళ్ళీ చదివితే తెలిసింది, ఇచ్చింది గెలిచిన కాన్సస్ సిటీ వాళ్ళు. బఫలో 36-33తో ముందుంది, మిగిలింది 13 సెకన్లే, అంతలోనే చీఫ్స్ సమం చేసేసి ఓవర్‌టైమ్‌లో 42-36తో గెలిచారు కదా, ఆ 13 అన్నమాట. బఫలో వాళ్ళు ఇచ్చింది అంతకుముందు, 2020 నవంబర్‌లో బిల్స్ ఆటగాడు జాష్ ఆలెన్ నానమ్మ పోయినప్పుడు, ఆయన జెర్సీ నంబర్ 17 కాబట్టి 17 డాలర్లు చొప్పున, అదే ఓషై హాస్పిటల్‌కి. చీఫ్స్ ఫ్యాన్స్ అయితే తమ జట్టు ఓడించిన ఊరి పిల్లల కోసం పంపారు, నాకైతే అదే ఇంకా గొప్పగా అనిపించింది. పాతది షేర్ చేసినవాళ్ళు దయచేసి ఇది కూడా చేయండి.