రాగం పేరులోనే లెక్క ఉంది

కంప్యూటర్ సైన్స్ బోధించే గాయని ఇంటర్వ్యూ చదివి చాలా సంతోషించాను. కానీ అందులో సంగీతం, కంప్యూటర్ ‘పొంతన లేని రెండు దారులు’ అన్న మాట మాత్రం ఒప్పుకోలేను. ఖరహరప్రియ రాగం పేరులో మొదటి రెండు అక్షరాలు ఖ, ర. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతి ప్రకారం రెండింటి విలువా 2, అందుకే అది కర్ణాటక సంగీతంలో 22వ మేళకర్త (మూల రాగం). శంకరాభరణం రాగం పేరుకు ముందు ‘ధీర’ చేర్చింది కూడా దాని సంఖ్య 29 రావడానికే (ధ 9, ర 2; తిరగేసి చదివితే 29)! ఇది కోడ్ కాక మరేమిటి?

కంప్యూటర్‌కు అసలు కష్టమంతా గమకం (స్వరాన్ని ఊపుతూ పలికే తీరు) దగ్గరే. తోడి రాగంలో గాంధారం (‘గ’ స్వరం) ఒకచోట నిలవదు, ఊగుతూనే ఉంటుంది. దానికి హార్మోనియం మెట్టులా ఒకే ఫ్రీక్వెన్సీ ఇస్తే రాగమే పోతుంది. మద్రాసు ఐఐటీలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌గా పనిచేసిన హేమా మూర్తి గారు కర్ణాటక సంగీతాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే పరిశోధన చేశారు. ఇలాంటి పనికి పాడటం వచ్చినవాళ్లు ఎంత అవసరమో! ఈ గాయని తన క్లాసులో రాగాలను ఉదాహరణలుగా చెబుతారా అని కూడా అడిగి ఉంటే బాగుండేది.