నీటి మీద రాత

ఆదివారం ఉదయం, హైదరాబాదు రాంనగర్ చేపల మార్కెట్. వంజరం కొందామని నిలబడ్డాను. చేప కన్నా ముందు ఈ వాదన దొరికింది. కొట్టు మామయ్యది. కాకినాడ దగ్గర ఇరవై ఏళ్ళు వేటకు వెళ్ళి, చివరికి పడవ అమ్మేసి ఇక్కడికి వచ్చినవాడు. ఎదురుగా పీట మీద ఆయన మేనకోడలు. సముద్ర జీవశాస్త్రం చదివింది. సముద్ర రక్షిత ప్రాంతాలకు, అంటే వేటకు హద్దులు పెట్టి కాపాడే నీళ్ళకు, దేశమంతా మద్దతు ఎలా కూడగట్టాలో ఆ సాయంత్రం ఒక సభలో మాట్లాడబోతోంది. ఆ ప్రసంగం ముందుగా మామయ్యకు చదివి వినిపించింది. అదే ఆమె చేసిన పొరపాటు.

మామయ్య: దేశమంతా అన్నావు చూడు, అక్కడే నాకు నవ్వొచ్చింది. ఈ ఊళ్ళో సముద్రం అంటే ఐసు పెట్టెలో వచ్చేదే కదమ్మా. వీళ్ళ మద్దతు ఏం చేసుకుంటావు?

మేనకోడలు: ఆ పెట్టె తెరిచేది వీళ్ళే కదా మామయ్యా. ఇక్కడ వంజరానికి ధర పలికితే అక్కడ ఇంకో వల పడుతుంది. అదీ గాక మూసీ ఎక్కడికి పోతుంది? వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. ఆ మొగలోనే మడ అడవులు, కృష్ణా అభయారణ్యం. తన మురికి చేరే చోటు గురించి ఈ ఊరు మాట్లాడకపోతే ఎలా?

మామయ్య: మాట్లాడలేదా? 2012 అక్టోబరులో ప్రపంచ దేశాలన్నీ ఇక్కడికే వచ్చి జీవవైవిధ్య సదస్సు జరిపాయి. జీవవైవిధ్యం కోసం మన్మోహన్ సింగ్ ఐదు కోట్ల డాలర్లు ప్రకటించారు. 2020 నాటికి సముద్రంలో పది శాతం కాపాడాలని అప్పటికే ఒప్పందం ఉంది. అయిందా? కాలేదు. 2022లో కూర్చుని 2030కి ముప్పై శాతం అని రాసుకున్నారు. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట!

(చేపలు చుట్టే ముందు ప్రతి పేపరూ ఆయన చదువుతాడని నాకు తర్వాత తెలిసింది.)

మేనకోడలు: లెక్క తప్పిందని పని మానేస్తామా? మెక్సికోలో కాబో పుల్మో అని ఒక చిన్న ఊరు ఉంది. వలలో చేప తగ్గిపోయి అల్లాడుతుంటే, 1995లో ఆ ఊరి ముందున్న సముద్రాన్ని జాతీయ పార్కు చేశారు. 1999 నుంచి పదేళ్ళలో అక్కడి చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. కాపలా కాసింది ఎవరనుకున్నావు? ఆ ఊరి కుటుంబాలే.

మామయ్య: అసలు మాట చివర్లో చెప్పావు. మన దగ్గర కాపలా ఎవరిది? చట్టం 1972 నాటి వన్యప్రాణి చట్టం. పులికీ అదే, చేపకీ అదే. అడవిలో నడవడం నేర్చినవాణ్ణి తెచ్చి అలల మీద నిలబెడితే ఏం చేస్తాడు? చెట్టుకు రంగు వేసి ఇదీ హద్దు అనవచ్చు. నీటి మీద రాత ఎలా రాస్తాడు?

మేనకోడలు: ఆ చట్టాన్నే ఇంకాస్త చదువు. 1991లో చేర్చిన 26ఎ సెక్షనులో, సముద్ర జలాలను అభయారణ్యంగా ప్రకటించే ముందు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలు కాపాడే చర్యలు తీసుకోవాలని స్పష్టంగా ఉంది.

మామయ్య: ఉంది. తమిళనాడు మన్నారు సింధుశాఖలో ఏమైంది? 1986లో 21 దీవులను కలిపి జాతీయ పార్కు చేశారు. ఆ దీవుల చుట్టూ సముద్రపు నాచు ఏరుకుని బతికే ఆడవాళ్ళు తెల్లారేసరికి దొంగలయ్యారు. మెడలోతు నీళ్ళలో మునిగి, చేతికి గుడ్డలు చుట్టుకుని ఏరేవాళ్ళమ్మా వాళ్ళు. పగడపు దిబ్బను తవ్విందెవరు, శిక్ష పడిందెవరికి? ఇంకా దగ్గరగా చెప్పనా, ఒడిశాలో గహిర్మాత. 1997 నుంచి అభయారణ్యం. తాబేళ్ళ కోసం ఒడిశా తీరంలో గుడ్లు పెట్టే చోట్ల నవంబరు నుంచి మే దాకా వేట లేదు. తాబేలు నాకు పగదా? కూర్మావతారం అని, వలలో పడితే బొట్టు పెట్టి వదిలినవాణ్ణి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల నిషేధానికే ఇల్లు గడవదు. 2025లో ఆంధ్రాలో దానికి 20,000 రూపాయలు ఇచ్చారు, సంతోషం. ఏడు నెలలకు ఎవరిస్తారు?

(ఇక్కడ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ప్రసంగం కాగితం మీద ఏదో కొట్టివేసింది. నా చేప ఇంకా తక్కెడలోనే ఉంది.)

మేనకోడలు: సరే, ఆ రెండు చోట్లా నీదే న్యాయం. మరి మీ కాకినాడ పక్కన కోరంగి మడ అడవి?

మామయ్య: కోరంగి మాట ఎత్తకు. అది వేరు.

మేనకోడలు: ఎందుకు వేరు? 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు.

మామయ్య: ఆ మడ చెట్ల వేళ్ళ మధ్యే కదా రొయ్య పిల్ల పెరిగేది, పీత పెరిగేది. అది పోతే మా వలలో ఏముంటుంది, ఇసుక.

మేనకోడలు: నేను రాసిందీ అదే కదా మామయ్యా!

మామయ్య: నువ్వు శాతం రాశావు. నేను పీత గురించి చెబుతున్నాను.

(నిజానికి మామయ్య అప్పటికే సగం ఒప్పుకున్నాడు. పైకి అనడానికి మనసు రాలేదు.)

మేనకోడలు: అయితే ఇది విను. తిమింగల సొర తెలుసుగా, లారీ అంత ఉంటుంది. గుజరాత్‌లో ఒకప్పుడు దాన్ని గాలాలతో వేటాడేవారు. 2001లో ఆ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి వేట నిషేధించారు. ఇప్పుడు వేరే చేపల వలలో అది చిక్కితే అక్కడి వేటగాళ్ళే వల కోసి వదిలేస్తారు. అలా వందల సొరలు బతికాయి.

మామయ్య: వల కోసుకున్నారా? వల ఖరీదెంతో తెలుసా నీకు?

మేనకోడలు: కోసిన వలకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది.

మామయ్య: ఇదెందుకు లేదు నీ ప్రసంగంలో?

మేనకోడలు: ఉంది. తొమ్మిదో పేజీలో.

మామయ్య: మొదటి పేజీలో పెట్టు. ఇంకొకటి రాసుకో. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా మర పడవ రాకూడదని ఆంధ్రాలో 1994 నుంచి చట్టం ఉంది. చిన్న పడవలవాళ్ళకు వదిలిన నీళ్ళవి. రాత్రిపూట ట్రాలర్ వచ్చి మా వల తెంచుకుపోతే ఎన్నిసార్లు చూశాను! ఉన్న గీతకే కాపలా లేదు. ముందు దానికి పడవ ఇవ్వండి, డీజిలు ఇవ్వండి, ఆ పడవ మీద మా కుర్రాళ్ళకు జీతం ఇచ్చి కూర్చోబెట్టండి. ఎవడి పడవ చప్పుడు ఏదో చీకట్లో చెబుతారు వాళ్ళు. కొత్త గీత సంగతి ఆ తర్వాత వాళ్ళనే అడగవచ్చు. చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో చూపిస్తారు.

మేనకోడలు: జీతానికి డబ్బు?

మామయ్య: నిజాంపేట పక్కన ప్రగతినగర్ ఉందా? అక్కడి సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ఉపగ్రహం చూసి, సముద్రంలో చేప ఎక్కడ దొరుకుతుందో తీరానికి కబురు పంపుతారు. నేనూ ఆ కబురు చూసి వల వేశాను. చేప జాడ హైదరాబాదు నుంచి పోవచ్చు, కాపలా జీతం పోకూడదా? కిలోకు ఓ రూపాయి ఎక్కువ తీసుకోమను.

మేనకోడలు: ఇస్తారా వీళ్ళు?

ఇద్దరూ నా వైపు చూశారు. జేబులో చేయి పెట్టి, తక్కెడలోని వంజరం ఎంతయిందని అడిగాను. మామయ్య చెప్పాడు. ఒక రూపాయి ఎక్కువే చెప్పాడనుకుంటాను. బేరం ఆడలేదు.