ఉప్పెక్కువైతే ఎవరికి చెప్పాలి?

చెయిన్ రెస్టారెంటా, ఓనరే దగ్గరుండి నడుపుకునే హోటలా అన్న వాదన ఎప్పుడూ రుచి దగ్గరే తిరుగుతుంది. రుచి ఎవరిష్టం వారిది. నేను చూసేది వేరు. వంటలో తేడా వస్తే సరిచేయగల మనిషి అక్కడ ఉన్నాడా, లేడా?

సొంత హోటల్ ఓనర్‌ను ఒక పూట గమనించండి. కూర్చునేది గల్లాపెట్టె దగ్గరే అయినా, కళ్ళు మాత్రం లోపలికి వెళ్ళే ఎంగిలి ప్లేట్ల మీదే ఉంటాయి. వరసగా మూడు ప్లేట్లలో ఒకే కూర మిగిలిందంటే లేచి వంటగదిలోకి వెళ్తాడు. గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని చూస్తాడు. వంటమనిషికి రెండు చీవాట్లు పడతాయి. నాలుగో ప్లేటుకల్లా కూర మారిపోతుంది. ఏ ఫీడ్‌బ్యాక్ ఫారం ఇంత త్వరగా పనిచేస్తుంది?

చెయిన్‌లో ఇది జరగదు. జరగకుండానే దాన్ని కట్టారు. 1948లో మెక్‌డొనాల్డ్ సోదరులు కాలిఫోర్నియాలోని తమ హోటల్‌ను కొన్నాళ్ళు మూసి, మెనూను తొమ్మిది ఐటమ్స్‌కు కుదించి, వంటగదిని ఫ్యాక్టరీ లైన్‌లా మార్చి తెరిచారు. 1955 నుంచి రే క్రాక్ అనే వ్యాపారి దాన్నే అచ్చుగుద్దినట్టు ఊరూరా పెట్టించాడు. ఎవరు వండినా ఒకటే రుచి రావాలంటే ముందు వండేవాడి చేతి తీరు తీసేయాలి మరి.

ఫ్రాంచైజీ తీసుకున్నవాడూ ఆ ఊరివాడే కదా అంటారు. నిజమే, ఇప్పుడు మెక్‌డొనాల్డ్స్ షాపుల్లో దాదాపు 95 శాతం అలాంటివాళ్ళు నడిపేవే. కానీ 1962లో అమెరికాలోని సిన్సినాటిలో లూ గ్రోయెన్ అనే ఫ్రాంచైజీదారు పడిన పాట్లు చూడండి. చుట్టుపక్కల కాథలిక్కులు ఎక్కువ, అప్పట్లో శుక్రవారాలు మాంసం ముట్టేవారు కాదు, చేపైతే తినేవారు, ఆ రోజు గిరాకీ ఉండేది కాదు. చేప శాండ్‌విచ్ పెడదామన్నాడు. తన షాపులో తన కస్టమర్లకు పెట్టడానికి కూడా పైవాళ్ళను ఒప్పించాల్సి వచ్చింది! క్రాక్ ఏకంగా పైనాపిల్ ముక్కతో తను చేయించిన ఐటమ్‌ను పోటీకి దించాడు. చేపే గెలిచింది. ఫిలే-ఓ-ఫిష్ అలా పుట్టింది. ప్లేట్లు చూసేవాడికి తెలిసింది పైనున్నవాడికి తెలియలేదు.

చెయిన్‌లో శుభ్రత ఉంటుందని, కొత్త ఊళ్ళో భయం లేకుండా తినొచ్చని అంటారు. ఒప్పుకుంటాను. ప్రయాణాల్లో నేనూ తింటాను.

నా అసలు బాధ తిండితో ఆగేది కాదు. బ్యాంకుకు వెళ్ళినా, కరెంటు బిల్లు తప్పొచ్చినా, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినా ఒకటే మాట, 'సిస్టమ్ తీసుకోవట్లేదు సార్'. ఎదురుగా ఉన్నవాడికి నిర్ణయం లేదు, నిర్ణయం ఉన్నవాడు ఎదురుగా రాడు. ఇంత పెద్ద రోగానికి హోటల్ మందా అని నవ్వొచ్చు. ఓనర్ మొహం చూసి మాట్లాడగల చోట్లు మనకు ఇంకెన్ని మిగిలాయో ఒకసారి లెక్కపెట్టి నవ్వండి.

మొన్న ఒక చెయిన్‌లో ఉప్పు మరీ ఎక్కువైందని కౌంటర్‌లో అబ్బాయికి చెప్పాను. పాపం మర్యాదగానే విన్నాడు. 'ప్యాకెట్లలో కలిపే వస్తుంది సార్, మేం వేడి చేస్తామంతే. యాప్‌లో రేటింగ్ ఇవ్వండి' అన్నాడు. తెరిచి చూశాను. ఐదు చుక్కలున్నాయి. ఉప్పు గురించి రాయడానికి గడి లేదు.