నొప్పి లేకపోతే చెకప్ దండగట!

"దవడ సరిచేసే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లందరికీ కీలు ఎముక కరిగిపోతుంది. కారణం లోపల పెట్టే లోహం. కాల్షియం మాత్రలు మింగండి, గట్టివి బాగా నమలండి. నొప్పి లేనంతవరకూ చెకప్‌లు దండగ. డాక్టర్లు ఇదేదీ ముందు చెప్పరు." ఈ మెసేజ్ ఇప్పటికి ఎందరు పంపారో లెక్క లేదు. సరే, వరసగా చూద్దాం.

లోహం. ప్లేట్లు, స్క్రూలు బిగించేది ఎముకను కోసి జరిపిన చోట. దవడ కీలు ఉండేది అక్కడ కాదు, చెవి ముందర. ప్లేట్లు రాకముందు, తీగలతో కట్టిన రోజుల్లోనూ ఈ అరుగుదల ఉంది. అసలు ఏ ఆపరేషనూ జరగని అమ్మాయిల్లోనూ కనిపిస్తుంది. వాళ్లకి లోహం ఎక్కడి నుంచి వచ్చిందో మెసేజ్ రాసినవారే చెప్పాలి.

అందరికీ రాదు కూడా. కింది దవడ బాగా వెనక్కి ఉండి, దాన్ని ఎక్కువ ముందుకు జరపాల్సి వచ్చిన యువతుల్లో ముప్పు ఎక్కువ. కీలులోని డిస్క్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే పలక) ముందే జారిపోయినవాళ్లూ, కీళ్లవాతం ఉన్నవాళ్లూ కూడా జాగ్రత్తగా ఉండాలి. దవడను ముందుకు జరిపితే చుట్టూ ఉన్న కండరాలు వెనక్కి లాగుతాయి. ఆ ఒత్తిడి కీలు తల మీద, అంటే కీలు గుంటలో కదిలే కింది దవడ ఎముక కొన మీద, పడుతుంది. బిగించేటప్పుడు కీలు తల గుంటలో వెనక్కి నొక్కుకుపోయినా ఇదే ఇబ్బంది. చాలామందిలో ఎముక కాస్త ఆకారం మార్చుకుని సర్దుకుంటుంది. కొందరిలో మాత్రం తట్టుకోలేక అరుగుతుంది.

కాల్షియం: లోపం ఉంటే వేసుకోండి. ఒత్తిడికి అరిగే కీలును అది ఆపదు.

గట్టివి నమలడం: భారం మోయలేకపోతున్న కీలు మీద ఇంకాస్త భారం వేయమంటున్నారు. ఏం వైద్యమో!

ఇక ఆ నొప్పి మాట. మెసేజ్ మొత్తంలో హాని చేసేది ఇదే. ఈ అరుగుదల చాలాసార్లు నొప్పి లేకుండానే సాగుతుంది. ఎక్కువగా బయటపడేది ఆపరేషన్ అయిన ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు, అంటే అంతా బాగుందనుకుని చెకప్‌లు మానేసే సమయంలోనే. ముందు పళ్లతో దారం కొరికితే తెగదు. వెనక పళ్లు కలిసినా ముందు పళ్ల మధ్య సందు కనిపిస్తుంది. గడ్డం మెల్లగా వెనక్కి పోతుంది. "నొప్పి లేదుగా" అని ఇంట్లో కూర్చుంటే ఆ సందును కొలిచేదెవరు? ఫార్వర్డ్ చేసినవారు వస్తారా స్కేలు పట్టుకుని? తొందరగా పట్టుకుంటే పళ్ల మీద తొడిగే స్ప్లింట్‌తో కీలు మీద భారం తగ్గించి, అరుగుదల ఆగేదాకా కనిపెట్టుకుని చూడొచ్చు. బాగా ముదిరితే కొందరికి కృత్రిమ కీలు పెట్టాల్సి వస్తుంది.

చివరి మాట, "ముందు చెప్పరు" అన్నది, ఒప్పుకోవాల్సిందే. పళ్ల వరస ఎలా కుదురుతుందో, ముఖం ఎలా మారుతుందో వివరంగా చెప్పి, కీలు గురించి ఒక్క ముక్కతో సరిపెట్టేవాళ్లు ఉన్నారు. కాబట్టి మీరే అడగండి. కీలుకు స్కాన్ తీశారా? డిస్క్ అనుమానం ఉంటే ఎంఆర్ఐ చేస్తారా? పళ్ల కలయిక ఈమధ్య మారుతూ వస్తోందా? మారుతుంటే అది నిలకడగా ఉందని తేలేదాకా ఆపరేషన్ వాయిదా వేయడమే మేలు. కీళ్లవాతం ఉంటే ముందు దాన్ని అదుపులోకి తేవాలి. అంత దూరం జరపడం కీలు మోయలేదనిపిస్తే, జరిపేది తగ్గించి గడ్డం ఎముకను మాత్రమే సరిచేసే దారి ఉందేమో కూడా అడగండి.