పిల్లల కారు సీటా, ఇంటర్ గ్రూపులా?

కారు కొనడం సులువే, అందులో పిల్లాడికి సీటు కొనడమే పెద్ద తలనొప్పి. బందరు రోడ్డులో ఓ షాపులో అడిగితే కుర్రాడిది ఒకటే పాట: "బేబీ సీటండీ, ఏ వయసుకైనా సరిపోద్ది!" డబ్బా తిప్పి చూస్తే గ్రూప్ 0 ప్లస్. పక్కదాని మీద గ్రూప్ 1, 2, 3. ఇంకోదాని మీద ఐ-సైజ్. బెజవాడలో గ్రూపంటే ఎంపీసీ, బైపీసీ తప్ప ఇంకేం తెలుస్తుంది?

ఇవన్నీ యూరప్ నిబంధనల లెక్కలట. పాత నిబంధన ఆర్44 పిల్లాడి బరువు చూస్తుంది. 0 ప్లస్ అంటే 13 కిలోల వరకు, గ్రూప్ 1 అంటే 9 నుంచి 18 కిలోలు. ఐ-సైజ్ సీట్లను తెచ్చిన కొత్త నిబంధన ఆర్129 ఎత్తు చూస్తుంది, 15 నెలలు దాటేదాకా బిడ్డ ముఖం కారు వెనక వైపుకే ఉండాలంటుంది. ఐసోఫిక్స్ ఏంటని అడిగితే కుర్రాడు "టాప్ మోడల్" అన్నాడు! కారు వెనక సీటు సందులో చెయ్యి పెట్టి తడిమితే రెండు ఇనుప కడ్డీలు తగులుతాయే, సీటును వాటికి బిగించే పద్ధతి అది. బూస్టర్ పెద్ద పిల్లలకు. బెల్టు మెడకు కాకుండా భుజం మీదకు వచ్చేలా ఎత్తులో కూర్చోబెడుతుంది, అంతే. దాన్ని రెండేళ్లవాడికి అంటగట్టబోయాడు మహానుభావుడు.

ఇంటికొస్తే అత్తయ్యగారు: "ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను కదా, డబ్బులు దండగ." 2019 చట్ట సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, సీటో లేకపోతే వెయ్యి రూపాయల ఫైన్ అండీ అంటే, "ఎవడు చూస్తాడు?"

పిల్లాడి ఎత్తెంత, బరువెంత అని ముందు అడిగే షాపు ఊళ్లో ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఇప్పుడే బయల్దేరతాను.